రెండు చెవుల్లో ఒకే చేను

బొంతలదిన్నెలో ఓబులేసు కందిచేలో కొలత ముగించుకొని కాత్యాయని దస్తగిరమ్మ చేలోకి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. ఉత్తర కార్తె. రెండు రోజుల కిందట పడ్డ వానకు నేల ఇంకా మెత్తగానే ఉంది. భుజానికి వేలాడుతున్న పెట్టెను ఆమె గట్టుమీద దించి, మూరెడేసి పొడవున్న నాలుగు ఉక్కుకడ్డీలు తీసి, ఒకదాని వెంట ఒకటి నేలలోకి దిగ్గొట్టింది. తీగలు కలిపింది. హెడ్‌ఫోన్ తగిలించుకొని కళ్లు మూసుకుంది.

ఎడమ చెవిలో నేల పలికింది. వానపాములు మట్టిని తోసుకుంటూ పోయే తడి చప్పుడు, పేడపురుగుల కాళ్ల గీకుడు, చెదలు పుల్లలు కొరికే చిటపట, కొర్ర వేళ్లు నీళ్లు పీల్చుకునేటప్పుడు వచ్చే సన్నని టిక్కుటిక్కు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్న కాత్యాయనికి ఇంత నిండుగా పలికిన చేను ఇంతకుముందు తగల్లేదు.

కాసేపు అట్లాగే విని, కుడి చెవి మీట నొక్కింది.

ఆ పెట్టెను ప్రయోగశాలలో జంటచెవి అంటారు. ఎడమ చెవిలో వినబడేది ఉన్న చేను. కుడి చెవిలో వినబడేది లేని చేను. ఇదే నేల, ఇదే పూట. కాకపోతే, నేలను కాపాడినందుకు రైతుకు 'పుడమి భృతి' పథకం కింద ఏటా అందే డబ్బు ఒక్కసారి కూడా అంది ఉండకపోతే ఎట్లా ఉండేదో ఆ చేను. ముప్పై ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు, కురిసిన వానలు, ఆ రైతు ఏ ఏడు ఏం వేశాడు, ఏ మందు చల్లాడు, జానెడు లోతు మట్టిలో ఏయే ప్రాణుల ఆనవాళ్లున్నాయి, ఇవన్నీ కలిపి పెట్టె ఆ లేని చేనును అల్లుతుంది. పథకం వెళ్లని నాలుగు వందల ఊళ్లలో దాన్ని పరీక్షించి చూశారు. పదింట తొమ్మిదిసార్లు అది చెప్పినట్టే ఉంది.

గంట క్రితం ఓబులేసు చేలో ఎడమ చెవి తిరునాళ్లలా ఉంటే కుడి చెవి పాడుపడ్డ కొట్టంలా ఉంది. డబ్బు రాకపోయి ఉంటే అతను మందులు కొడుతూనే ఉండేవాడు, గట్లు కూడా చెక్కేసేవాడు. తేడా నూటికి డెబ్బైరెండు. పథకం వల్ల నిజంగానే ఒక చేను బతికిందన్నమాట. అట్లాంటి అంకె తెరమీద కనబడ్డ రోజు కాత్యాయనికి ఆకలి కూడా వేయదు.

ఇక్కడ మాత్రం కుడి చెవిలోనూ అవే వానపాములు. అదే గీకుడు. అదే చిటపట.

తీగ ఊడిందేమోనని చూసింది. హెడ్‌ఫోన్ అటుదిటు తిప్పి పెట్టుకుంది. కడ్డీలు పెరికి, కొర్రచేను దాటి, పైన నడుమెత్తు బోదగడ్డితో ఊగుతున్న మూడెకరాల బీడులో దిగ్గొట్టింది. అక్కడా అంతే. తెరమీద సున్నా నిలబడింది.

"ఏంది మేడమ్మా, మిషనుకు ఎండదెబ్బ తగిలిందా?"

తుమ్మచెట్టు నీడలోంచి దస్తగిరమ్మ లేచి వచ్చింది. అరవై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటుంది. భర్త మౌలాలి పోయి ఇరవై ఏళ్లు. అప్పటినుంచి ఈ ఏడెకరాల మెట్టసేద్యం ఆమెదే. కింద నాలుగెకరాల్లో కొర్ర, కంది, అలసంద కలిపి వేస్తుంది. పైన బీడును ఎన్నడూ దున్నలేదు.

"మిషను బాగానే ఉందమ్మా. మీరూ వింటారా?"

దస్తగిరమ్మ కొంగుతో చెవులు తుడుచుకొని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. మొదట ఏమీ అర్థంకానట్టు చూసింది. తరువాత ఆమె ముఖం మెల్లగా విప్పారింది.

"యా అల్లా! ఇంతమంది ఉండారా కింద?"

"ఉన్నారు. రెండు చెవుల్లో ఏమైనా తేడా ఉందా చెప్పండి."

ఆమె ఒక చెవి మూసి ఒకటి, మళ్లీ అది మూసి ఇంకొకటి విన్నది. "ఈ పక్కా అదే, ఆ పక్కా అదే కదమ్మా."

"అంటే భృతి డబ్బు రాకపోయినా మీరు ఇట్లాగే చేసి ఉండేవాళ్లని అర్థం."

దస్తగిరమ్మ ఫకాలున నవ్వింది. "ఇది చెప్పనీకి ఇంత మిషనా? నన్నడిగింటే నేనే చెప్తుంటి కదా!"

కాత్యాయనికీ నవ్వొచ్చింది. "బీడు ఎందుకు దున్నరు మీరు?"

"మా మామ దున్నలే. మా ఆయన దున్నలే. దాంట్లో కౌజుపిట్టలు గుడ్లు పెట్టుకుంటాయి. వాటి కొంప మీదికి మడక ఎట్ల తోలేది?" అని, అదొక విషయమే కానట్టు, "రా, రొట్టె తిందువు. పొద్దున్నించి ఏమీ తిన్లే నువ్వు" అంది.

ఇంట్లో కూతురు రమీజా జొన్నరొట్టెలు కాలుస్తోంది. పుంటికూర పప్పు పొయ్యిమీద ఉడుకుతోంది. అల్లుడు బాలహుసేను మంచం వాల్చి, మీద దుప్పటి పరిచాడు. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలిద్దరూ ఏటా నాలుగు నెలలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. పథకం వచ్చాక మానేశారు. రమీజాకు కుట్టుమిషను వచ్చింది. ఆరేళ్ల కూతురు ఈ ఏడు ఒక్కరోజు కూడా బడి మానలేదని బాలహుసేను రెండుసార్లు చెప్పాడు.

రొట్టె తుంచుతూ కాత్యాయని తన పెట్టెలోని సున్నాను గుర్తు చేసుకుంది.

*

హైదరాబాదు ప్రయోగశాలలో నివేదిక సిద్ధమయ్యేసరికి కార్తీకమాసం వచ్చింది. డైరెక్టరు చక్రపాణి ఒక్కో ఊరి పట్టిక చూసుకుంటూ బొంతలదిన్నె దగ్గర ఆగాడు.

"ఈ దస్తగిరమ్మ ఎవరండీ? మంచి చేను. తేడా మాత్రం సున్నా."

"డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమె అట్లాగే చేస్తుంది సార్."

"అయితే వచ్చే ఏడు నుంచి ఆమెకు ఆపేయాల్సిందే. నియమం అదే కదా?"

నియమం అదే. 'మార్పు లేని చోట చెల్లింపు వృథా' అన్న వాక్యాన్ని మూడేళ్ల కిందట కాత్యాయనే రాసింది. రాసినందుకు గర్వపడింది కూడా. అంతకుముందు ఈ పథకాలను ఫొటోలు చూసి, ఫారాలు చూసి లెక్కించేవాళ్లు. తనిఖీ రోజున కొమ్మలు విరిచి గట్టుమీద పాతి, చెట్లు పెంచామని చూపించిన ఊళ్లు ఆమెకు తెలుసు. నిధులు కొంచెమే. ఎక్కడ పోస్తే ఒక చేను మారుతుందో అక్కడే పోయాలి. ఇందులో వంక పెట్టడానికి ఏముంది?

"సరే సార్" అని సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున టిఫిను బల్లమీద ఎప్పటిలాగే రక్తపోటు మాత్ర, పక్కన గోరువెచ్చని నీళ్లు ఉన్నాయి. ఆమె భర్త వేణుమాధవ్ తపాలా ఆఫీసులో పని చేస్తాడు. ఈ మాత్ర మొదలైన నాటినుంచి, తొమ్మిదేళ్లుగా, అది ఆమె మరిచిపోకుండా అక్కడ పెట్టేది అతనే.

"నేను ఒక్కరోజు కూడా నీకు మంచిమాట చెప్పలేదనుకో. ఇది పెట్టడం మానేసేవాడివా?"

"ఎందుకు మానేస్తాను?" వేణుమాధవ్ చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు.

"అయితే నీకు సున్నా."

"సున్నా అయితే అయింది. ముందు మాత్ర వేసుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను వెళ్లిపోయాక మాత్రం కాత్యాయని ఆ గ్లాసు చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చుంది.

*

మే నెల మూడోవారంలో రమీజా ఫోను చేసింది.

"మేడం, మీరొకసారి రావల్ల. మా ఆయన బీడులోకి ట్రాక్టరు తోలినాడు. మా అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలే."

మర్నాడు మధ్యాహ్నానికి కాత్యాయని బొంతలదిన్నెలో బస్సు దిగింది. ఊరి వెలుపలే కనబడింది. బోదగడ్డి ఊగిన చోట రెండెకరాల మేర ఎర్రమట్టి పెళ్లలు వెల్లకిలా పడి ఎండుతున్నాయి. గడ్డివేళ్లు పైకి తేలి తెల్లగా వేలాడుతున్నాయి. ఒక్క ఎకరం మాత్రం చివరన మిగిలి ఉంది.

బాలహుసేను గట్టుమీద కూర్చొని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు గానీ నమస్కారం పెట్టలేదు.

"ఎందుకు చేశావు బాలహుసేనూ?"

"ఓబులేసన్న మూడేళ్ల కిందటిదాకా బుడ్లు బుడ్లు మందు కొట్టినాడు మేడం. ఆయప్పకు డబ్బిచ్చినారు. మా అత్త ఇరవై ఏళ్లలో ఒక్క చుక్క కొట్టలే. ఆయమ్మకు సున్నా." అతను దున్నిన నేల వైపు చెయ్యి చూపించాడు. "చెడిపోయినోళ్లు బాగుపడితేనే ఇస్తామంటిరి. సరే, మేమూ ఒక ఏడు చెడిపోయి చూపిస్తాం. ఆ తర్వాత బాగుపడతాం. తప్పేముంది? నేనొక్కన్నే అనుకోవద్దు. చుట్టుపక్కల చానా ఊర్లల్లో చేస్తాండారు."

"ఈ ఎకరం ఎందుకు వదిలావు?"

అతను తల వంచుకున్నాడు. "ట్రాక్టరు తిరిగేటప్పుడు చక్రాల ముందర్నించి కౌజు లేచింది. గూట్లో గుడ్లుండాయి. నా చేత కాలే."

దస్తగిరమ్మ ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కాత్యాయని వెళ్లి పక్కనే నేలమీద కూర్చుంది. క్షమాపణ లాంటిదేదో చెప్పాలని దారంతా మాటలు కూడబెట్టుకుంది.

"డబ్బు పోతే పోయిందిలే మేడమ్మా" అని దస్తగిరమ్మే మొదలుపెట్టింది. "డబ్బు లేనప్పుడు మేం బతకలేదా? నా పేరుకు ఎదురుగ్గా సున్నా రాసి పంచాయితీ గోడకంటించినారు. ఊరంతా చదివినారు. నేనేమీ చేయలేదని గదా దానర్థం?"

"కాదమ్మా. మీరు డబ్బు కోసం చేయలేదని."

"ఆ మాట పక్కన రాసినారా?"

కాత్యాయని తల అడ్డంగా ఊపింది.

"రాసింటే చాలుగదమ్మా" అంది దస్తగిరమ్మ. కోపం లేదు ఆమె గొంతులో. అదే కాత్యాయనికి ఎక్కువ నొప్పిగా తోచింది.

సాయంత్రం చల్లబడ్డాక కాత్యాయని మిగిలిన ఎకరంలో కడ్డీలు దింపింది. ఎందుకు దింపుతున్నదో ఆమెకే తెలియదు. చేతులకు వచ్చిన పని అదొక్కటే. దస్తగిరమ్మ వెంట వచ్చి నిలబడింది. ఎడమ చెవిలో ఎండాకాలపు నేల నెమ్మదిగా, లోతుల్లోంచి పలికింది. కుడి చెవి మీట నొక్కింది.

నిశ్శబ్దం. దూరంగా, పైన గాలి మట్టిపెళ్లల మీద రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

తెరమీద అంకె వెలిగింది. అరవైనాలుగు.

రైతు ఇన్నేళ్లూ తీసుకున్న నిర్ణయాలే ఆ పెట్టెకు ఆధారం. మొన్న పొద్దున తోలిన ట్రాక్టరు కూడా ఇప్పుడు ఆ లెక్కలో చేరింది. డబ్బు రాకపోతే ఈ ఇల్లు ఈ ఎకరాన్ని కూడా దున్నేస్తుందని పెట్టె తేల్చుకుంది. పోయినసారి ఇదే నేలమీద ఏ అంకె రాలేదని ఆమె బాధపడిందో, ఆ అంకె ఇప్పుడు వచ్చింది. కాత్యాయని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమొచ్చింది?" అని అడిగింది దస్తగిరమ్మ.

"తేడా వచ్చిందమ్మా. మీ పేరు మళ్లీ భృతి లిస్టులోకి ఎక్కుతుంది."

"మంచిదే కదా. ఏడుస్తావేంది?"

"మొన్నటిదాకా ఈ పెట్టె మీ ఇంటిని నమ్మింది. ఇప్పుడు నమ్మడంలేదు."

దస్తగిరమ్మ కొంగు చివరతో కాత్యాయని చెంప తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు. తరువాత దున్నిన నేల వైపు చూసింది. ఆ అంచున నిలబడి ఉన్న అల్లుడి వైపు చూసింది.

"నేనూ నమ్మలేకుండాను" అంది.

ఆ రోజునుంచి ఆమె బాలహుసేనుతో మాట్లాడలేదు. పళ్లెంలో అన్నం పెట్టేది. కూర అడక్కముందే వేసేది. చొక్కా చినిగితే కుట్టించి దండెం మీద వేసేది. మాట మాత్రం లేదు.

*

అదే ఏడు, కార్తీకం దాటుతుండగా ఓబులేసు నుంచి ఫోను వచ్చింది.

"మేడం, నేనేం తప్పు చేయలే. మీరు చెప్పినట్టే చేసినా. గట్టు ముట్టలే, మందు కొట్టలే. కందికాయలన్నీ పురుగు తినేస్తాంది. ఇంక మందు కొట్టకపోతే నాకు గింజ దక్కదు. మీకు చెప్పకుండా కొడితే బాగుండదని ఫోను చేసినా."

కాత్యాయని మర్నాడే బయలుదేరింది. ఓబులేసు యాభై ఏళ్ల మనిషి. మాట కటువు గానీ పని నిక్కచ్చి. ఒక కాయ విప్పి చూపించాడు. లోపల బొద్దుగా, పచ్చగా పురుగు.

"పోయినేడు కూడా ఇది వచ్చింది మేడం. ఏవో నల్లపురుగులు, కందిరీగలు వచ్చి తినేసి పోతాండె. ఈ యేడు తినేవాళ్లే లేరు."

ఆమె అతని చేలో కడ్డీలు దింపింది. ఎడమ చెవి సగం ఖాళీ అయింది. తేడా డెబ్బైరెండు నుంచి ఇరవైతొమ్మిదికి పడిపోయింది. అతను నియమాలన్నీ పాటించాడు. చేనుకు జబ్బు చేయలేదు, వాన తక్కువ పడలేదు. మరి?

హెడ్‌ఫోన్ తీసి తల ఎత్తింది. ఓబులేసు గట్టుకు అవతల, ఇరవై బారల దూరంలో, దస్తగిరమ్మ బీడు ఉండిన చోట ఎర్రని ఖాళీ కనబడింది.

ఆ నల్లపురుగులు ఓబులేసువి కావు. ఎండాకాలమంతా అవి బోదగడ్డి మొదళ్లలో తలదాచుకునేవి. వాన పడగానే పక్క చేలకు వలస పోయేవి. మందు ఆపిన చేలో నిలిచేవి, కొట్టిన చేలో చచ్చేవి. పథకం ఓబులేసు చేత మందు మాన్పించిన మాట నిజమే. అతని చేనును నింపింది మాత్రం దస్తగిరమ్మ గడ్డి. పెట్టె ఒక్కో చేనునూ తక్కిన ఊరినుంచి తెంచి, విడిగా విన్నది. పక్క చేలోంచి నడిచివచ్చిన ప్రాణాలన్నిటినీ ఓబులేసు ఖాతాలో వేసింది.

"ఓబులేసూ, పది రోజులు ఆగగలవా? మందు కొట్టకుండా?"

"మేడం, పది రోజులాగితే కట్టె మిగులుతాది."

అతను చెప్పింది న్యాయమే. ఆగమని అడిగే హక్కు తనకు లేదు. ఆమె బస్సెక్కేలోపే ఓబులేసు మందుపంపు భుజానికెత్తుకున్నాడు.

*

పెట్టెకు ఒక చేనును వినడమే తెలుసు. ఊరిని వినడం నేర్పడానికి ఏడువారాలు పట్టింది. బొంతలదిన్నె చుట్టూ ఉన్న పద్నాలుగు చేల పాత రికార్డింగులన్నీ కాత్యాయని ఒకదానితో ఒకటి కలిపింది. ఏ పురుగు ఎంత దూరం పోతుంది, ఏ గాలికి ఏ విత్తనం ఎక్కడ పడుతుంది, అన్నీ ఎక్కించింది. చక్రపాణికి మొదట ఇది నచ్చలేదు.

"నివేదిక ముద్రణ కూడా అయిపోయింది కాత్యాయనీ. ఇప్పుడు మన యంత్రం తప్పని మనమే చెప్పుకుంటామా?"

"ఒక్కసారి వినండి సార్. తరువాత మీరేమంటే అది."

ఎడమ చెవిలో బీడు దున్నక ముందటి ఊరు. పద్నాలుగు చేలు కలిసి పలుకుతున్నాయి. కుడి చెవి మీట నొక్కేముందు ఆమె చెప్పింది. "ఇదివరకు 'డబ్బు లేకపోతే దస్తగిరమ్మ ఏం చేసేది' అని అడిగాం. ఇప్పుడు వేరేది అడిగాను. దస్తగిరమ్మే లేకపోతే ఈ ఊరు ఏమయ్యేది?"

చక్రపాణి విన్నాడు. కుడి చెవిలో ఊరు దాదాపు ఖాళీ. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "మిగతా చేలకు డబ్బు అందుతూనే ఉందా ఇందులో?"

"అందుతూనే ఉంది సార్. ఒక్క పైసా తగ్గించలేదు."

ఆయన సమీక్ష సంఘానికి తనే ఉత్తరం రాశాడు.

ఆ సమావేశంలో పదకొండు మంది సభ్యులూ వరసగా విన్నారు. చివరన ఒకాయన కాస్త కటువుగానే అడిగాడు. "అంటే మీ యంత్రం ఇన్నాళ్లూ మాకు అబద్ధం చెప్పిందా?"

"లేదండీ. అడిగినదానికి సరిగ్గానే చెప్పింది" అంది కాత్యాయని. "అడగడమే నాకు రాలేదు. మారినవాళ్లను మాత్రమే లెక్కబెట్టాను. వాళ్లు మారడానికి ఆసరాగా, మారకుండా నిలబడ్డవాళ్లు ఒకరుంటారని నాకు తోచలేదు. మారనందుకు వాళ్లకు సున్నా వేశాను. ఆ సున్నా చూసి వాళ్లూ మారిపోవడం మొదలుపెట్టారు."

నియమం మారింది. ఇకనుంచి చేనును కాకుండా ఊరినంతటినీ ఒక్క చేనుగా వినాలని, దేని వల్ల తక్కినవి బతుకుతున్నాయో ఆ చేనుకు మొదట చెల్లించాలని నిర్ణయించారు. గోడకంటించే లిస్టులో అంకె పక్కన రెండు వాక్యాలు మామూలు తెలుగులో రాయాలని కాత్యాయని పట్టుబట్టింది. అదీ ఒప్పుకున్నారు. అయితే నిర్ణయం అయ్యేనాటికే ఆ జిల్లాలో డెబ్బై ఊళ్లలో బీళ్ల మీద నాగళ్లు తిరిగాయి. వాటిలో కొన్నింటి పేర్లు కూడా కాత్యాయనికి తెలియవు. తెలిసినవి ఒక కాగితం మీద రాసుకొని, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో ఊరికి పోయి, అక్కడివాళ్లతో కూర్చొని జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చేది. కొందరు మజ్జిగ ఇచ్చారు. కొందరు తలుపు తీయలేదు.

*

జూను రెండోవారంలో బొంతలదిన్నెలో మొదటి పదును వాన పడింది. రెండో రోజే కాత్యాయని వచ్చింది. ఈసారి పెట్టె తేలేదు.

దస్తగిరమ్మ మిగిలిన ఎకరంలోంచి చలికాలమంతా గడ్డివెన్నులు దూసి, ఎండబెట్టి, రెండు గోనెసంచుల నిండా విత్తనం చేసింది. లిస్టులో తన పేరు పక్కన ఏం రాశారో రమీజా చేత నాలుగుసార్లు చదివించుకుందట. ఆ మాట ఆమె చెప్పలేదు. రమీజా చెప్పింది. 'ఈమె చేను వల్ల చుట్టూ పదమూడు చేలు బతికి ఉన్నాయి. ఈమె ఈ పని డబ్బు రాకముందునుంచీ చేస్తోంది.'

ఓబులేసు పొద్దున్నే గుంటక తెచ్చి పెళ్లలన్నీ చదును చేసి పోయాడు. కొత్త లెక్కలో అతని అంకె సగానికి తగ్గింది. అందుకు కొంచెం సణిగాడు గానీ, కూలి మాత్రం తీసుకోలేదు.

నలుగురూ వరసగా నిలబడి విత్తనం చల్లడం మొదలుపెట్టారు. ఈ చివర దస్తగిరమ్మ, ఆ పక్కన కాత్యాయని, ఆ తరువాత రమీజా, అటు చివరన బాలహుసేను. గడ్డివిత్తనం పొట్టులా తేలిక. గాలికి చేతిలోంచి జారిపోతుంది. కాత్యాయని చల్లినదంతా ఆమె చీర మీదే పడుతుంటే దస్తగిరమ్మ ఆమె మణికట్టు పట్టుకొని చూపించింది. "నేలకు దగ్గర్గా వంగు. గుప్పిట తెరవగాకు, వేళ్ల సందుల్లోంచి వదులు."

"మళ్లీ ఎప్పటికమ్మా మునుపటిలా అయ్యేది?"

"ఎవురికి తెలుసు? నాలుగేండ్లో, పదేండ్లో. కింద ఉండేవాళ్లు తిరిగి రావల్ల గదా. వాళ్లిష్టం."

బాలహుసేను వీళ్లకంటే ముందు పోతున్నాడు. తల ఎత్తడంలేదు. అత్త మాట్లాడక ఏడాది దాటింది. ఆ ఏడాదిలో అతను మనిషి సగమయ్యాడు. మిరపకోతకు పోతానని రెండుసార్లు సంచి సర్దుకున్నాడని, రెండుసార్లూ ఆమె ఏమీ అనకుండా ఆ సంచిలోని బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసిందని రమీజా చెప్పింది.

సగం నేల అయ్యాక దస్తగిరమ్మ నడుం నిటారు చేసుకొని నిలబడింది. చెయ్యి అడ్డం పెట్టుకొని ఆ చివరిదాకా చూసింది.

"అల్లుడా!" అని కేకేసింది.

బాలహుసేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చేతిలోని విత్తనం కాళ్లమీద రాలింది.

"ఆ మూల పల్చగా పడింది చూడు. ఇంగో పిడికెడు చల్లు."

అతను భుజంమీద తువ్వాలు లాగి ముఖం తుడుచుకున్నాడు.

"సరే అత్తా" అన్నాడు. గోనెసంచిలో చెయ్యి పెట్టి, నిండుగా పిడికిలి పట్టి, ఆ మూలకు నడిచాడు.